మొగలిపాలెంలో సముద్రం ఎటువైపు

డెబ్బైల దశకం చివర్లో ఒక ఆషాఢంలో నన్ను మొగలిపాలెం స్టేషన్ నుంచి బరంపురం యార్డుకు బదిలీ చేశారు. ఉత్తర్వులో కారణం ‘పరిపాలనా అవసరాల దృష్ట్యా’ అని ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. మొగలిపాలెం అసలు పేరు కాదు. గిరిసోలకూ బరంపురానికీ మధ్య అలాంటి స్టేషన్ ఒకటి ఉండేదనుకుంటే చాలు. అసలు పేరు రాస్తే ఈ వయసులో కూడా నా మీద ఎవరో ఒకరు రూలు పుస్తకం తీస్తారు.

అక్కడ ఆరేళ్లు స్టేషన్ మాస్టరుగా పనిచేశాను. అప్పుడు ఆ భాగమంతా ఒంటి లైను. ఒంటి లైను మీద రెండు రైళ్లు ఎదురుపడకుండా టోకెన్ పద్ధతి ఉండేది. టోకెన్ అంటే ఇనుప బంతి. పక్క స్టేషన్ మాస్టరు అక్కడ మీట నొక్కి ఒప్పుకుంటేనే ఇక్కడ మా యంత్రం లోంచి బంతి బయటికొస్తుంది. దీన్ని లైన్ క్లియర్ అంటారు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, బెత్తపు చక్రానికి కట్టి డ్రైవరు చేతికి అందించాలి. అది చేతిలో లేకుండా ఏ డ్రైవరూ ముందుకు కదలడు. యంత్రం పక్కనే రెండు స్టేషన్ల మధ్య మాట్లాడుకునే ఫోను ఉండేది. బరంపురం వైపు పక్క స్టేషన్లో పాఢి బాబు అనే ఒడియా ఆయన ఉండేవారు. ఆరేళ్లలో ఆయన ముఖం రెండుసార్లు చూశానేమో గాని గొంతు మాత్రం రోజూ వినేవాణ్ణి.

మా స్టేషన్‌కు తూర్పున సముద్రం. సోనేపూర్ వైపు నుంచి మన తెలుగు బెస్త ఆడవాళ్లు చేపల బుట్టలు నెత్తిన పెట్టుకుని, ఇసకలో నడిచొచ్చి, సాయంత్రం పాసింజరుకు బరంపురం వెళ్లేవారు. ప్లాట్‌ఫారం పడమటి వైపు. పైవంతెన లేదు. ప్లాట్‌ఫారం దక్షిణపు కొన అవతల కాలిబాట దగ్గర పట్టాలు దాటి రావాలి. కాబట్టి మా స్టేషన్లో ఒక ఆచారం ఉండేది. అది ఏ రూలు పుస్తకంలోనూ లేదు. నాకు ముందున్న మాస్టరు నుంచి నాకొచ్చింది. పాయింట్స్‌మన్, అంటే పట్టాలు మార్చే పనివాడు, ప్లాట్‌ఫారం కొసన నిలబడి ఆఖరి బుట్ట దాటాక పచ్చజెండా ఎత్తుతాడు. అది చూశాకే నేను లోపలి సిగ్నల్ స్తంభం మీది చెయ్యి దించి రైలును రానిస్తాను. మా పాయింట్స్‌మన్ దాలయ్య. ఆయనది పక్క ఊరే.

బుట్టల వాళ్లకు పెద్ద నీలమ్మ. రైలు ఆలస్యమైతే నా కిటికీ దగ్గరికి వచ్చి, “మాస్టరు బాబూ, మీ రైలొచ్చేలోపు మా సేపలకి కాళ్లొచ్చి అవే బరంపురం ఎల్లిపోతాయి,” అనేది. “అయితే వాటికి టిక్కెట్టు తీసుకో,” అనేవాణ్ణి. “తీస్తానండి, కూసోడానికి బెంచీ ఇస్తారేటి?” అనేది. స్టేషన్లో ఉన్న ఒక్క బెంచీ కాలు విరిగి ఏడాది దాటింది. కొత్తదాని కోసం నేను ఐదు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి కూడా జవాబు రాలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

బదిలీ అయిన ఏడాది రెయిన్‌కోట్లు మా సెక్షన్‌లో అందరికీ వచ్చాయి. నాకు రాలేదు. జాబితాలో నా పేరు ఎందుకు లేదో అడిగితే, వచ్చే ఏడు చూద్దామన్నారు. నేను వానలో గొడుగు పట్టుకుని టోకెన్ అందించాను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో టోకెన్ చక్రం పట్టుకుని కదిలే ఇంజను పక్కన నిలబడటం ఎలాంటిదో ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాళ్లకు తెలియదు.

ఆ ఆషాఢం మొదట్లో ఒక సాయంత్రం వాన. పాసింజరు ఆంధ్రా సరిహద్దు వైపు నుంచి వచ్చి మా లోపలి సిగ్నల్ బయట ఆగింది. ఆ రైలు చివర ఒక పై అధికారి తనిఖీ బోగీ ఉందని నాకు ముందు తెలియదు. ఏ రైలు ఎప్పుడొచ్చింది, లైన్ క్లియర్ ఎప్పుడు దొరికింది అన్నీ నిమిషాలతో సహా రాసే రిజిస్టరు ఒకటుంటుంది. అందులో పాఢి బాబు నుంచి లైన్ క్లియర్ దొరికింది ఐదూ నలభైకి. నేను సిగ్నల్ దించింది ఐదూ నలభై ఏడుకి. మధ్యలో ఏడు నిమిషాలు. రైలు లోపలికొచ్చాక అధికారి దిగి ఆలస్యానికి కారణం అడిగారు. ఆడవాళ్లు పట్టాలు దాటుతున్నారని చెప్పాను. ప్లాట్‌ఫారం మీద బుట్టలన్నీ చూసి, నువ్వు స్టేషన్ మాస్టరువా, చేపల బజారు మాస్టరువా అని అందరి ముందూ అడిగారు. తర్వాత తనిఖీ నోటులో కూడా ‘ఈ స్టేషన్ చేపల బజారులా నడుస్తోంది’ అని రాశారు.

వివరణ అడిగారు. మొగలిపొదల అడ్డం వల్ల ఆఫీసు నుంచి కాలిబాట కనిపించదు, బుట్టలన్నీ దాటాయో లేదో తెలియక సిగ్నల్ ఆపాను అని రాశాను. ఒకసారి స్థలం చూసి వెళ్లమని కోరాను. ఎవరూ రాలేదు. విచారణలో దాలయ్యను పిలిచి, ఏం జరిగిందని అడిగారు. ఆయన, “నానేటీ సూడలేదండి, వానండి,” అని చేతులు కట్టుకున్నాడు. ఆ కొసన నిలబడ్డది ఆయనే. పొదల సంగతి ఆయన ఒక్క మాట చెప్పుంటే నా కేసు నిలబడేది. సెన్సూరు శిక్ష వేశారు. అంటే సర్వీసు పుస్తకంలో మందలింపు రాత. ఆ వెంటనే బదిలీ. రైలెక్కేటప్పుడు నా పెట్టె మోస్తానని దాలయ్య వచ్చాడు. నా పెట్టె నేనే మోసుకున్నాను. ఆయనతో మాట్లాడలేదు.

బరంపురం యార్డులో పనికి లోటు లేదు. కానీ అక్కడ టోకెన్ గంట మోగదు. కిటికీ తీస్తే గోడ. నాకు మొగలిపాలెం తిరిగి వెళ్లాలని ఉండేది. సెన్సూరు ఉన్నవాడు కోరిన స్టేషన్ అడిగితే దరఖాస్తు అడుగుకు పోతుంది. అప్పీలు గడువులోనే వేశాను, తోసేశారు. ఇక మిగిలింది పునఃసమీక్ష. దానికి ఇంతకు ముందు చూపించని కొత్త ఆధారం కావాలి. స్టేషన్ ప్లాను నకలు అడిగితే ఇవ్వలేదు. వాళ్లు స్టేషన్‌కు రాకపోతే స్టేషన్నే వాళ్లకు చూపిస్తాను అనుకున్నాను.

అలా రైల్వే క్వార్టర్లో నమూనా రైలు మొదలుపెట్టాను. రైలు పక్క స్టేషన్లో ఎప్పుడు బయలుదేరింది, ఎంతసేపటికి మా సిగ్నల్ దగ్గరికి వస్తుంది అన్నది కూడా చూపాలి కాబట్టి మొగలిపాలెం ఒక్కటే సరిపోదు. అటొక స్టేషన్, ఇటొక స్టేషన్ కావాలి. మాకున్నది రెండు గదులు. ముందు గదిలో పొడుగు గోడ ఒక్కటే ఖాళీ. అందుకని మూడు స్టేషన్లనూ ఒకదాని మీద ఒకటి, మూడు బల్లల అరలుగా పెట్టాను. కింది అర మోకాలి ఎత్తులో సరిహద్దు వైపు స్టేషన్. పై అర నిలబడితే కంటి ఎత్తులో పాఢి బాబు స్టేషన్. మధ్య అర మొగలిపాలెం. కుర్చీలో కూర్చుంటే నా కళ్లు సరిగ్గా ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి కళ్ల ఎత్తుకు వచ్చేలా దాన్ని బిగించాను. అరకూ అరకూ మధ్య చెయ్యి దూరి పనిచేసేటంత సందు ఉండాలి. ఆ సంగతి తెలియక మొదట బిగించిన అర ఊడదీయాల్సి వచ్చింది.

ఒక అర నుంచి పై అరకు రైలు ఎక్కడానికి గది మూలల్లో ప్లైవుడ్డుతో చుట్లు చుట్టే దారి కట్టాను. మా ఆవిడ సరోజిని దానికి జంతిక అని పేరు పెట్టింది. “ఏమండీ, మీ జంతిక మీద కొబ్బరి పీచు పడుతోంది, నా వంటలోకి కూడా వస్తోంది,” అనేది. చుట్టు మరీ ఇరుకుగా, ఎక్కుడు మరీ నిటారుగా ఉంటే చక్రాలు జారిపోతాయి. రెండుసార్లు విప్పి, చుట్టు వెడల్పు పెంచి మళ్లీ కట్టాను. పట్టాలు సైకిలు చువ్వలు. పట్టాల కింది స్లీపర్లు అగరొత్తి పుల్లలు. ఇంజను బిస్కెట్ డబ్బా రేకుతో చేసి పాత టేప్‌రికార్డరు మోటారు పెట్టాను. రంగు వేసిన కొబ్బరి పీచు మొగలిపొదలైంది. ఇసక మాత్రం సోనేపూర్ నుంచి తెప్పించాను. వెనక గోడ మూడు అరల పొడుగునా నీలం రంగు వేశాను. అది సముద్రం. అన్నీ జ్ఞాపకం మీదే కట్టాను. మళ్లీ పోస్టింగు కాగితం చేతికొచ్చేదాకా మొగలిపాలెం ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టనని పట్టుదల. ఆ దారిన రైల్లో పోవాల్సి వచ్చినప్పుడు కూడా అటు చూసేవాణ్ణి కాదు.

డ్యూటీ నుంచి వచ్చి రోజూ దాని ముందు కూర్చునేవాణ్ణి. ఆఫీసు గదిలో అగ్గిపెట్టె అట్టతో బల్ల, పెన్సిలు ముక్కతో టోకెన్ యంత్రం పెట్టాను. మా ఆవిడ, “ఆ స్టేషన్లో ఉన్నప్పుడు రోజూ ఏదో ఒకటి లేదని ఉత్తరాలు రాసేవారు. ఇప్పుడు దానికి దీపాలు కూడా పెడుతున్నారు,” అంది. నమూనా పూర్తి కావడానికి రెండు వానాకాలాలు పట్టింది.

ఈలోగా పై అధికారి మారారు. కొత్తాయన నా పునఃసమీక్ష దరఖాస్తు చదివి, నమూనా అంత పెద్దదైతే ఆఫీసుకు మోయించనక్కర్లేదు, బరంపురం వచ్చినప్పుడు ఒక ఆదివారం ఇంటికే వచ్చి చూస్తానని కబురు చేశారు. నా అదృష్టం బాగుంటే చలికాలంలోపు మొగలిపాలెంలో ఉంటాననుకున్నాను.

ఆ ఆదివారానికి పది రోజులుందనగా దాలయ్య వచ్చాడు. రైళ్లు నడిపే పనిలో ఉన్నవాళ్లకు కొన్నేళ్లకోసారి రైల్వే ఆసుపత్రిలో కళ్ల పరీక్ష ఉంటుంది. దానికోసం బరంపురం వచ్చి, మా క్వార్టరు వెతుక్కుంటూ వచ్చాడు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మా ఆవిడ వెనక నుంచి, “దాలయ్యా, లోపలికి రా. టీ పెడతాను,” అంది. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, అరల ముందు ఆగిపోయాడు.

“బాబూ, ఇది మనూరేనా?”

“మొగలిపాలెమే,” అన్నాను.

“అబ్బో. సిగ్నలు సెయ్యి కూడా దిగుతాదేటి?” వంగి, వేలు తగలకుండా చాలాసేపు చూశాడు. “మరి సముద్రం ఏదండి?”

నీలం గోడ చూపించాను.

“బరంపురం ఎటండి?”

కుడి చేతివైపు చూపించాను. మా రైలు మధ్య అరలో ఎడమ నుంచి కుడికి పోతుంది.

దాలయ్య నిటారుగా నిలబడి రెండు చేతులూ బార్లా చాపాడు. “నాను సముద్రం కేసి తిరిగి నిలబడితే బరంపురం నా ఎడం సేతికి ఉంటాది బాబూ. పుట్టినకాడ్నించీ అంతే. కుడి సేతికి ఇచ్ఛాపురం గదండి.” తర్వాత నా కుర్చీ కేసి చూసి మెల్లిగా అన్నాడు, “మీరు సముద్రంలో కూసున్నారు బాబూ.”

నాకు అర్థం కావడానికి టీ చల్లారేంత సమయం పట్టింది. కింది అరలో రైలు కుడి నుంచి ఎడమకు పోతుంది. మూలలో చుట్టు తిరిగి పైకెక్కేసరికి దాని ముఖం మారి ఎడమ నుంచి కుడికి పోతుంది. పై అరలో మళ్లీ కుడి నుంచి ఎడమకు. అంటే కింది అరకూ పై అరకూ సముద్రం గోడ వైపే సరి. మధ్య అరకు మాత్రం సముద్రం ఇటు, నేను కూర్చున్న వైపు ఉండాలి. ఇది రైల్వేలో పనిచేసినవాడే చేయగల తప్పు. మా పనిలో కుడి, ఎడమ అంటే రైలు పోయే దిక్కుకు కుడి, ఎడమ. ఆ లెక్కన మొగలిపొదలను రైలుకు కుడివైపు సరిగ్గానే పెట్టాను. అది నా వైపు. ఆఫీసును మాత్రం, లోపల బల్లా యంత్రమూ నాకు కనిపించాలన్న కోరికతో, కంటికి దగ్గరగా అదే వైపు పెట్టుకున్నాను. నిజంగా ఆఫీసు రైలుకు ఎడమ పక్కది. నా నమూనాలో పొదలు ఆఫీసు కిటికీకి అడ్డం వచ్చాయి. మొగలిపాలెంలో పొదలు పట్టాలకు అవతల, సముద్రం వైపు ఉంటాయి. అవి దేనికీ అడ్డం కాదు.

“అయితే ఆఫీసు నుంచి బాట కనిపిస్తుందా?” అని దాలయ్యనే అడిగాను.

“కనపడకపోతే నాను జెండా ఎవరికి ఎత్తేవోణ్ణి బాబూ?”

“ఆ రోజు ఎత్తావా?”

ఆయన గ్లాసు కింద పెట్టాడు. “రెండుసార్లు ఎత్తినాను. ఆడోళ్లందరూ దాటీసినారు. మీరు కిటికీకి ఈపు పెట్టి ఫోన్లో ఉండిపోనారు. రెయిన్‌కోటు గురించి పాఢి బాబుకి సెప్తన్నారు. ఆ కొసదాకా ఇనపడింది. ఇంజనోడు కూత మీద కూత. ఆకరికి నీలమ్మే కిటికీ కొట్టింది.”

అది నిజం. విన్న క్షణంలోనే జ్ఞాపకం వచ్చింది. కిటికీ చువ్వ మీద నీలమ్మ గాజుల చప్పుడు కూడా. లైన్ క్లియర్ అడగడానికి ఫోను ఎత్తాను. పాఢి బాబు లైన్ క్లియర్ ఇచ్చి, మీకు రెయిన్‌కోటు వచ్చిందా అని అడిగారు. నేను మొదలుపెట్టాను. మూడు రోజుల తర్వాత వివరణ రాసేటప్పుడు పొదలు అని రాశాను. అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనుకోలేదు. అప్పీలులో అదే రాశాను, సమీక్షలో అదే రాశాను. పదిసార్లు రాసిన మాట పదకొండోసారికి కళ్లకు కనిపించడం మొదలుపెడుతుంది.

“విచారణలో ఈ మాట ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“ఏటి సెప్పమంటారు బాబూ? నాను జెండా ఎత్తినాను, మాస్టరు సూడలేదని సెప్పమంటారా? అది సెప్తే మీకు ఆ ఒక్క కాగితంతో పోయేదా? పొదలు అడ్డమని సెప్పమంటారా? రేపు ఎవరైనా ఒచ్చి సూస్తే ఇద్దరం పోదుం. అందుకే సూడలేదన్నాను.” గ్లాసు మళ్లీ అందుకుని, “రెండేళ్లయినాది, మీరు మాటాడకపోయి,” అన్నాడు.

పొదల మాట అబద్ధపు సాక్ష్యం అవుతుంది. నిజం చెబితే సెన్సూరుతో ఆగదు, నా ఇంక్రిమెంటు పోతుంది. ఆయన రెండూ చెప్పకుండా తన నోరు మూసుకున్నాడు. నేను ఆయన చేతికి పెట్టె ఇవ్వలేదు. ఆ సాయంత్రం ఆయన్ను స్టేషన్ దాకా దిగబెట్టి, రైలెక్కించి వచ్చాను. ఆయన సంచి నేనే పట్టుకున్నాను. వద్దన్నాడు. ఇవ్వలేదు.

పది రోజుల్లో ఆఫీసునూ ప్లాట్‌ఫారాన్నీ ఊడదీసి గోడ వైపుకు మార్చాను. మధ్య అర వెనక నీలం చెరిపేసి పొలాల రంగు వేశాను. బల్ల ముందు అంచుకు నీలం పట్టీ కొట్టాను. ఆఫీసు కిటికీలో చిన్న అద్దం ముక్క పెట్టి, అందులోంచి బయటికి చూశాను. కాలిబాట ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపించింది. ఇది వద్దులే, పాత నమూనానే చూపించు అని నాలోనే ఒక గొంతు చెప్పిన మాట వాస్తవం. అధికారికి మొగలిపాలెం తెలియదు. సముద్రం ఎటువైపో ఆయన అడగరు. ఆ పాత నమూనాతో నేను వెనక్కి వెళ్లగలిగేవాణ్ణి. కానీ వెళ్లి, రోజూ ఆ కొసన దాలయ్య ఎత్తే జెండాను చూడాలి.

ఆదివారం అధికారి వచ్చారు. కాఫీ తాగి, రైలు మూడు అరలూ ఎక్కి దిగడం రెండుసార్లు చూశారు. ఆఫీసు నుంచి బాట కనిపిస్తుందా అని అడిగారు. కనిపిస్తుందని చెప్పాను. అయితే నన్నెందుకు పిలిచావని అడిగారు. ఆలస్యం నాదే, సమీక్ష దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను, కానీ తనిఖీ నోటులో చేపల బజారు అన్న మాట కొట్టేయించమని కోరాను. బుట్టలు దాటేదాకా రైలు ఆపడం ఆ స్టేషన్ పద్ధతి, ఆరేళ్లలో ఆ బాట మీద ఒక్క ప్రాణం పోలేదు, తప్పు నా ఫోనుది గాని బుట్టలది కాదు అని చెప్పాను. ఆయన, పాత అధికారి రాత కొట్టేయడానికి వీల్లేదు, కావాలంటే నీ అభ్యంతరం ఒక కాగితం మీద రాసివ్వు, ఫైలుకు జతచేయిస్తాను అన్నారు. ఆ రోజే రాసిచ్చాను. మూడు పేజీలు.

మొగలిపాలెం మళ్లీ నాకు ఇవ్వలేదు. తర్వాత రెండో లైను పడింది, రంగుదీపాల సిగ్నళ్లు వచ్చాయి, టోకెన్ యంత్రం తీసేశారు, మొగలిపొదలు కొట్టేశారు. పైవంతెన కూడా కట్టారు. నేను బరంపురంలోనే రిటైరై, అక్కడే లంజిపల్లిలో ఇల్లు కట్టుకున్నాను. మూడు అరలూ విప్పి తెచ్చి మేడ మీది గదిలో మళ్లీ బిగించాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుంటే నేను సముద్రం వైపు ఉంటాను. ఆరేళ్లు లోపలి నుంచి చూసిన కిటికీ ఎదురుగా ఉంటుంది. బుట్ట నెత్తిన పెట్టుకుని ఇసకలో నడిచొచ్చేవాళ్లకు ఆ ఆఫీసు ఇలా కనిపించేదన్నమాట. చిన్నదిగా, దీపం వెలుగుతూ, లోపలివాడు ఇటు తిరిగి ఉన్నాడో లేదో తెలియకుండా. ప్లాట్‌ఫారం కొసన తీగతో చేసిన మనిషి ఒకడున్నాడు. చేతిలో పచ్చదారం.

ఆ రెయిన్‌కోటు రిటైరయ్యేదాకా రాలేదు. దాని మీదా, చేపల బజారు అన్న మాట మీదా నా ఫిర్యాదు అలాగే ఉంది. ఉద్యోగం కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా ఈ అరలు చూడ్డానికి వస్తే రెండే చెబుతాను. స్టేషన్ ప్లాను గీసేటప్పుడు మొట్టమొదట సముద్రం ఎటువైపో గుర్తు పెట్టండి. ఆలస్యానికి వివరణ రాసేటప్పుడు, దారికి ఏం అడ్డమొచ్చిందో రాసే ముందు, ఆ నిమిషంలో మీ చేతిలో ఏముందో రాయండి.